విజ్ఞాన వీచిక: కాచి చల్లార్చితే కుదిరే క్రమం

జంషెడ్‌పూర్‌లో పెరిగిన పిల్లలకు ‘ఎనీలింగ్’ అనే మాట కొత్త కాదు. బిగిసిపోయిన ఉక్కు రేకును కొలిమిలో కాచి, తొందరపడక చల్లార్చితే లోపలి ఒత్తిడులు సడలి మెత్తబడుతుంది. ఈ ఉపాయమే కంటికి కానరాని అయస్కాంతాలను సైతం దారికి తెచ్చిన వైనం ఈ మాసపు ముచ్చట.

2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 220 నానోమీటర్ల పొడవు, 80 నానోమీటర్ల వెడల్పు గల నికెల్–ఇనుము మిశ్రమలోహపు తునకలను చదరపు గళ్లుగా అమర్చారు. ఆ వెడల్పు తలవెంట్రుక మందంలో సుమారు వెయ్యవ వంతు. ప్రతి తునకా ఒక అయస్కాంతమే. ప్రతి కూడలిలో నాలుగేసి కలుస్తాయి. ఒక్కొక్క దాని ఉత్తర ధ్రువం కూడలి వైపు గాని, అవతలి వైపు గాని ఉండవచ్చును గనుక 16 అమరికలు సాధ్యం. సజాతి ధ్రువాలు వికర్షించుకొంటాయి కదా! అన్ని జంటలనూ ఒకేసారి తృప్తిపరచే అమరిక ఒక్కటీ లేదు. రెండు లోపలికి, రెండు వెలుపలికి ఉండే 6 అమరికలే ఉన్నంతలో మేలు. మంచుగడ్డలో ప్రతి ఆక్సిజన్‌కు రెండు హైడ్రోజన్లు చేరువగా, రెండు ఎడంగా ఉండే నియమాన్ని ఇది పోలినందున దీనికి ‘కృత్రిమ స్పిన్ ఐస్’ అని పేరు.

అయితే ఆ తునకలు మామూలు వేడిమిలో వాటంతట అవి తిరుగలేవు. బయటి అయస్కాంత క్షేత్రంలో గిరగిర త్రిప్పి, క్షేత్రాన్ని క్రమంగా తగ్గించినా, కూడళ్లలో కొంత పొందిక కుదిరినదే గాని గళ్లంతటా ఒకే క్రమం రాలేదు. 2013లో శాస్త్రజ్ఞులు అట్టి తునకలను, అయస్కాంతత్వం నశించే క్యూరీ ఉష్ణోగ్రతను దాటించి కాచి, మెల్లగా చల్లార్చారు. అప్పుడు ప్రతి తునకా పొరుగువాటి ప్రభావానికి లోబడి తిరిగి, విశాలమైన క్రమబద్ధ ప్రాంతాలు ఏర్పడినవి.

ఇటువంటి పాఠానికి మన ఊరిలోనూ తావున్నది. 1950 నవంబరు 26న నెహ్రూ ప్రారంభించిన నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ నానోస్ఫటిక అయస్కాంత లోహాలపై కృషి చేసినది. ఈ కోవకు చెందిన ఒక లోహాన్ని 1988లో జపాన్ పరిశోధకులు వెల్లడించారు. గాజువలె క్రమరహితంగా గడ్డకట్టిన పలుచని లోహపు పట్టీని సుమారు 550 డిగ్రీల సెల్సియస్ వద్ద కాచగా, 10 నానోమీటర్లకు అటూయిటూగా రేణువులు పుడతాయి. ప్రతి రేణువుకూ తనదైన దిశ ఉన్నా, పొరుగువాటితో గల గట్టి బంధం ఆ పట్టుదలలను సమం చేస్తుంది. అందువలన ట్రాన్స్‌ఫార్మర్లలో వేడిగా వృథా అయ్యే విద్యుత్తు తగ్గుతుంది. కాపు మితిమీరితే రేణువులు పెరిగి ఆ సుగుణం చెడుతుంది. కొలిమి వద్ద పనిచేసినవారికి ఈ జాగ్రత్త వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంటిలో చిన్న దిక్సూచులు నాలుగున్నచో పిల్లలచేత బల్లపై దగ్గర దగ్గరగా చేర్పించండి. ముల్లులు ఉత్తరాన్ని విడిచి ఒకదాని మాట మరొకటి వినడం కన్నులారా చూడవచ్చును.