గోల్డెన్ కేజ్: తెలుగు ఇళ్లకు మిగిలిన పాఠం

లోటులేని ఇళ్లలో బుద్ధిమంతులనిపించుకున్న ఆడపిల్లలు తిండి మానేసి ఎందుకు కృశించిపోతారు? 1978లో వెలువడిన ‘ది గోల్డెన్ కేజ్’లో మానసిక వైద్యురాలు హిల్డే బ్రూక్ ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. పార్సిప్పనీలోని తెలుగు తల్లిదండ్రులు నేటికీ చదవదగ్గ పుస్తకమిది.

మన ఇళ్లలో తిండి మానడానికి మర్యాదైన పేర్లు చాలా ఉన్నాయి: శనివారం ఒక్కపొద్దు, పరీక్షల ఒత్తిడి, నాట్యానికి నాజూకుతనం. వాటి చాటున జబ్బు ముదురుతుంది. అన్నం కెలికి వదిలేయడం, తినగానే బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకోవడం, తరచూ కళ్లు తిరగడం అలకగా కొట్టిపారేయదగ్గవి కావు. మనిషి చిక్కకపోయినా ఇటువంటి జబ్బు ఉండవచ్చు. అనొరెక్సియా నిర్ధారణకు నెలసరి ఆగి ఉండాలన్న నియమాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లోనే తొలగించింది.

బ్రూక్ వాదనలో కాలానికి నిలవనిది, తల్లిదండ్రుల పెంపకంపై మోపిన నేరం. తర్వాత లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న చికిత్స, పిల్లలకు పూటపూటా తినిపించే బాధ్యతను ఆ తల్లిదండ్రులకే అప్పగించింది. అయితే బాగా చిక్కినవారికి ఒక్కసారిగా తిండి పెంచితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. కనుక ముందు వైద్యపరీక్ష తప్పనిసరి. కొసరి వడ్డించడం మన తల్లులకు వచ్చు. తిట్టకుండా, బతిమాలకుండా, పళ్లెం ఖాళీ అయ్యేదాకా పక్కన కూర్చోవడమే నేర్చుకోవలసింది.