పిన్ను కనిపించకూడదు

అమ్మకోసం చేసిన కత్తిని తిప్పి తిప్పి చూసి మా చెల్లి అడిగింది: "అన్నయ్యా, ఈ చుక్కలేంటి?"

అవి నా పొరపాట్లు. వారంలో ఐదు రోజులు ల్యాప్‌టాప్ ముందు కూర్చునే నేను, శని, ఆదివారాలు మేడమీద కత్తులు చేస్తుంటా. బ్లేడు, చెక్క పిడి కలిసేచోట రెండు పక్కలా లోహపు బిళ్లలుంటాయి చూడండి, అవే బోల్‌స్టర్లు. చెక్క అంచు దెబ్బతినకుండా కాపాడేవి అవే. వాటిని బ్లేడుకి పట్టి ఉంచేవి పిన్నులు.

బిళ్లలకి ఇత్తడి పట్టీ పాత సామాన్ల కొట్లో కొన్నా, పిన్నులకి ఇత్తడి కడ్డీ హార్డ్‌వేర్ షాపులో. రెండూ ఇత్తడే కదా అనుకున్నా. పాలిష్ చేసిన రోజు రెండూ బంగారంలా మెరిశాయి. నెల తిరిగేసరికి చింతపండు పులుపూ నిమ్మరసమూ తగిలి, బిళ్ల ఒక రంగు, పిన్ను ఒక రంగు! ఇత్తడంటే రాగి, జింకు. పాళ్లు మారితే రంగూ మారుతుంది. పైగా లేత్ పనికి అమ్మే కడ్డీల్లో సీసం కలుపుతారు. కోతకి బాగుంటుంది కానీ సుత్తి దెబ్బకి సరిగ్గా సాగదు. నా పిన్నుల్లో ఒకటి అంచున చీలింది కూడా.

"గమ్ పెట్టావుగా, చాలదా?" అని ఫ్రెండ్ అడిగాడు. వేడి నీళ్లు, ఏళ్ల వాడకం... గమ్ ఎప్పుడో వదిలేస్తుంది. అసలు పట్టు పిన్నుదే. బిళ్లలో రంధ్రం మూతిని కాస్త గరాటులా వెడల్పు చేస్తాం. 3 మి.మీ. పిన్ను రెండు పక్కలా ఒకటిన్నర మి.మీ. బయటికి ఉండేలా దూర్చి, చిన్న సుత్తితో అటూ ఇటూ మార్చి మార్చి కొడతాం. లోహం సాగి ఆ గరాటుని నింపేస్తుంది. ఇక బిళ్ల ఊడి రాదు. మిగిలింది అరగదీస్తే పిన్ను ఆనవాలే ఉండదు. కానీ పిన్ను బిళ్ల లోహమే అయ్యుండాలి, మెత్తగా ఉండాలి. జర్మన్ సిల్వర్ బిళ్లకి జర్మన్ సిల్వరే (పేరే తప్ప అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు అంతే). స్టీల్ అయితే గ్రేడ్ కూడా కలవాలి: 416 బిళ్లకి 416 పిన్ను. 304 వేస్తే కొట్టేకొద్దీ గట్టిపడి విసిగిస్తుంది.

పాత పిన్నులు డ్రిల్ చేసి తీసేశా. మిగిలిన పట్టీలోంచే సన్నటి ముక్కలు కోసి, మూలలు అరగదీసి, డ్రిల్‌కి బిగించి తిప్పుతూ ఆకురాయితో గుండ్రంగా చేశా. కాస్త ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చా, మెత్తబడటానికి. ఒక సాయంత్రమంతా దానికే పోయింది. దుకాణంలో ఆ కడ్డీ ఎంతనుకున్నారు, చాయ్ ఖర్చంత!

ఈసారి చెల్లి ఫోన్ టార్చ్ వేసి మరీ వెతికింది. కుడిపక్క ఏమీ దొరకలేదు. ఎడమపక్క మాత్రం ఒక పిన్ను చుట్టూ వెంట్రుకంత గీత. అక్కడ రెండు దెబ్బలు తక్కువ కొట్టినట్టున్నా. మళ్లీ తీద్దామనుకునేలోపే అమ్మ ఆ కత్తి పట్టుకుని వంకాయలు కోయడం మొదలెట్టేసింది.