41 రోజుల స్వామి
అయ్యప్ప మాల వేసుకున్న ఆటో డ్రైవరుకు ముందు మారేది పిలుపు. నిన్నటిదాకా ‘ఒరేయ్’ అన్న ఓనరే ఇవాళ ‘స్వామీ’ అంటాడు. అతను ఆడవాళ్లందరినీ ‘మాతా’ అనాలి. మండల దీక్ష 41 రోజులు: తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, కటిక నేలమీద పడక, మద్యమాంసాలకు సెలవు. సామాన్యుడికి గ్రంథాలకన్నా ఈ ఒంటి క్రమశిక్షణే దగ్గరి దారి. (పొద్దున్నే లేచి మడిగా వండిపెట్టే ఇల్లాలి దీక్షను మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.) చివర్లో కొబ్బరికాయ కన్ను తొలిచి, నీళ్లు వంపి, ఆవునెయ్యి పోసి, బిరడా బిగించి ఇరుముడి కడతారు. శబరిమలలో 18 మెట్లెక్కితే కనిపించే మాట ‘తత్త్వమసి’, అది నువ్వే అని. మాల తీసిన సాయంత్రమే వైన్‌షాపుకు చేరేవాళ్లున్నారు. సిగరెట్టు మళ్లీ ముట్టనివాళ్లూ ఉన్నారు.