మూగజీవులు - శాసనములు

దయ మనసులో పుట్టవలసినదేగాని శాసనముచేత పుట్టదని మనలో పలువురు పెద్దలు సెలవిచ్చుచుందురు. మాట వినుటకు ఇంపుగానే యున్నది. కాని బండికి కట్టిన యెద్దు, తోలువాని మనసులో దయ పుట్టువరకు వేచియుండగలదా? దెబ్బ నేడే పడుచున్నది. దానిని నేడే ఆపగలిగినది శాసనము. ఈ విషయమున వివిధ దేశములవారు ఏమి చేసిరో, ఎంతవరకు చేసి ఆగిపోయిరో విద్యార్థులు తెలిసికొనవలసి యున్నది.

మన నేలకు ఈ మాట క్రొత్తది కాదు. కర్నూలు జిల్లా యెఱ్ఱగుడి యొద్ద బండరాళ్ళపై అశోకచక్రవర్తి చెక్కించిన ధర్మశాసనములు నేటికిని నిలిచియున్నవి. మనుష్యులకును పశువులకును చికిత్స లభించునట్లు చేసితిననియు, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించితిననియు ఆ రాజు అందు చెప్పుకొనెను. తన వంటశాలలో పూర్వము లక్షలకొలది ప్రాణులు చంపబడెడివనియు, ఇప్పుడు రెండు నెమళ్ళును ఒక లేడియు మాత్రమే చంపబడుచున్నవనియు, ఇకమీదట అవియు చంపబడవనియు దాచక వ్రాయించెను. పరులకు నీతి చెప్పుటకు ముందు తన వంటయింటి లెక్క బయటపెట్టిన రాజును నేను చరిత్రలో అరుదుగా చూచితిని.

ఆధునికకాలమున ఈ శాసనములకు బీజము ఇంగ్లండులో పడెను. 1800 సంవత్సరమున ఎద్దులపైకి కుక్కలను ఉసిగొల్పు వినోదమును మాన్పుటకు పార్లమెంటులో బిల్లు రాగా, విండ్‌హామ్ అను సభ్యుడు గట్టిగా ఎదిరించెను. ధనికులు గుఱ్ఱములెక్కి నక్కలను వేటాడుచుండగా, బీదవాని వినోదమును మాత్రము నిషేధించుట ఏమి న్యాయమని అతని వాదము. బిల్లు వీగిపోయెను. 1809లో ఎర్‌స్కిన్ ప్రభువు తెచ్చిన మరియొక బిల్లు ప్రభువుల సభలో నెగ్గి, కామన్స్ సభలో ఓడిపోయెను. తుదకు 1822లో ఐర్లండు దేశీయుడైన రిచర్డ్ మార్టిన్ పట్టు విడువక ఒక చట్టమును సాధించెను. గుఱ్ఱములు, గాడిదలు, ఎద్దులు, ఆవులు, గొఱ్ఱెలు మొదలగువానిని నిష్కారణముగా కొట్టి హింసించువారికి పది షిల్లింగులు మొదలు అయిదు పౌనులవరకు జరిమానా విధింపవచ్చునని దాని సారాంశము. కుక్క, పిల్లి అందు చేరలేదు. ఒక వర్తకుడు కొట్టిన గాడిదను సాక్ష్యముగా న్యాయస్థానమునకే తోడ్కొని వచ్చిరని ప్రతీతి; ఆ దృశ్యమును ఒక చిత్రకారుడు పటముగా వ్రాసెను.

1824లో మార్టిన్ ప్రభృతులు లండనులో జంతుహింసా నివారణసంఘమును స్థాపించిరి. 1835 నాటి చట్టము ఎద్దుల పోరును, కోడిపందెములను నిషేధించెను. విండ్‌హాము మాటలో సత్యము లేకపోలేదని తరువాతి చరిత్ర ఋజువు చేసినది. బీదవాని కోడిపందెము 1835లోనే నేరమయ్యెను. దొరల నక్కవేటను ఇంగ్లండులో నిషేధించుటకు 2004 వరకు ఆగవలసి వచ్చెను! నూట అరువదితొమ్మిది సంవత్సరముల తేడాను విద్యార్థులు గమనింతురుగాక.

ఫ్రాన్సు దేశమున 1850లో గ్రామాన్ అను సేనాని పెంపుడు జంతువులను రక్షించుటకు ఒక శాసనమును చేయించెను. కాని అందొక విచిత్రము: హింస బహిరంగముగా జరిగినప్పుడే నేరము! తలుపు మూసికొని కొట్టినచో చట్టమునకు పట్టదు. అది జంతువు వీపునకంటె చూపరుల కన్నులకే ఎక్కువ రక్షణము. ఈ లోపమును 1959లో గాని సవరింపలేదు. జర్మనీవారు 2002లో తమ రాజ్యాంగముననే జంతురక్షణమును చేర్చిరి. స్విట్జర్లండులో గినీపందిని ఒంటరిగా పెంచరాదు. గుంపులో బ్రతుకు ప్రాణికి ఒంటరితనమే హింస యని వారి తలంపు. బ్రిటనులో 2006 నాటి చట్టము మరియొక మెట్టెక్కినది. కొట్టకుండుట మాత్రమే చాలదనియు, తగిన ఆహారము, చోటు, చికిత్స ఇచ్చుట పెంచువాని విధి యనియు అది శాసించుచున్నది. 2022లో వారు పీతలను, రొయ్యలను కూడ బాధ నెఱుగు ప్రాణులుగా చట్టమున గుర్తించిరి. అమెరికావారి 1966 నాటి చట్టము మాత్రము వేరు దారి పట్టినది. పరిశోధనశాలలలో మిక్కిలి విరివిగా వాడబడు ఎలుకలు, చుంచులు ఆ చట్టము ప్రకారము జంతువులే కావు.

ఇక మన సంగతి. మనదేశమున ప్రస్తుతమున్న జంతుహింసా నివారణచట్టము 1960 నాటిది. దీనికి కారకురాలు సుప్రసిద్ధ నర్తకి, కళాక్షేత్ర సంస్థాపకురాలు రుక్మిణీదేవి అరుండేల్. రాజ్యసభలో ఆమె స్వయముగా ఒక బిల్లును ప్రవేశపెట్టగా, ప్రభుత్వమే అట్టి చట్టమును తెచ్చునని నెహ్రూ మాట యిచ్చి దానిని ఉపసంహరింపజేసెను. మాట నిలిచినది. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు.

ఈ చట్టము క్రింద 1965లో చేసిన నిబంధనలు చదువదగినవి. బండి లాగు పశువుచేత దినమునకు తొమ్మిదిగంటలకు మించి పని చేయింపరాదు. అయిదుగంటలు లాగిన పిదప విశ్రాంతి నీయవలెను. వేడిమి 37 డిగ్రీలు దాటుచోట్ల పగలు పండ్రెండు మొదలు మూడుగంటలవరకు బండి కట్టనే కూడదు. మేకు దిగవేసిన ములుకోల నిషిద్ధము. మన రోహిణికార్తె యెండలను తలచుకొన్నచో ఈ నిబంధన మనకొఱకే వ్రాసినట్లున్నది. నేను బడిలో ఈ సంగతి చెప్పినప్పుడొక రైతుబిడ్డ లేచి, "అయ్యా! ఎద్దుకు మధ్యాహ్నము సెలవున్నదే, మా నాయనకు ఏదండీ?" అని యడిగెను. తరగతి నవ్వినది. నేను నవ్వలేదు. ఎద్దు నిలిచిన మూడుగంటలు తోలువాడును చెట్టునీడన నిలుచును గదా యని చెప్పితిని. కాని ఆ బాలుని ప్రశ్న అంతటితో తీరునది కాదు. బరువెంతయో నిర్ణయించువాడు సరుకు వర్తకుడు. ఆ బరువు లాగింపలేక కొట్టువాడు బండివాడు. రక్షకభటుని చేతికి మొదట చిక్కువాడును బండివాడే.

శిక్ష మాట యడిగినచో సిగ్గుపడవలసి వచ్చును. పశువును కొట్టి హింసించినవానికి మొదటి తప్పునకు జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలవరకు. 1960లో అది కూలివానికి అనేక దినముల కూలి. నేడు హోటలులో ఒక దోసెకు చాలునో చాలదో! జంతువును చంపినను, అవయవహీనము చేసినను అయిదేండ్లవరకు శిక్ష విధించుటకు భారతీయ న్యాయసంహితలో వీలున్నది. దినదినము పడు దెబ్బలకు మాత్రము ఆ ఏబది రూపాయలే.

సంక్రాంతికి గోదావరి జిల్లాలలో జరుగు కోడిపందెముల మాట వేరుగా చెప్పవలెను. జంతువులను పోరుకు పురికొల్పుట 1960 చట్టము ప్రకారము నేరము. వానిని అరికట్టుడని 2016లో ఉన్నత న్యాయస్థానమును ఆదేశించెను. అయినను పందిళ్ళు లేచుచునే యున్నవి. కోళ్ళ కాళ్ళకు కత్తులు కట్టుచునే యున్నారు. ఇది మన సంప్రదాయమని సమర్థించువారు పలనాటి వీరుల కథను ఉదాహరింతురు. ఆ కథలో కోడిపందెము మాచెర్లవారిని రాజ్యభ్రష్టులను చేసి అడవులపాలు చేసినదని వారు మఱచిరి కాబోలు! ఆ పందిళ్ళలో లక్షలు ఒడ్డువారు బండివాండ్రు కారు.

కేంద్రప్రభుత్వము 2022లో ఈ చట్టమునకు సవరణల ముసాయిదాను ప్రకటించి, ప్రజాభిప్రాయమును కోరెను. జరిమానాలను పెంచుటయు, జంతువును సాకువానికి విధులను విధించుటయు అందున్నవి. రెండును వలసినవే. నా మనవి యొక్కటి: పెంచిన జరిమానా సరుకు యజమానిమీదను, పందెపు పందిరి వేసినవానిమీదను ముందుగా పడునట్లు వ్రాయవలెను. అది బండివానిమీదనే పడినచో, ఆ రాత్రి ఎద్దు తొట్టిలో తవుడు తగ్గును.