ఫ్రీ వీసాలో ఏది ఫ్రీ?

ఇంగ్లిష్ నుంచి వచ్చి తెలుగు పల్లెల్లో స్థిరపడిన మాటల్లో ‘ఫ్రీ’ది పెద్ద పీట. రైతుకు ఫ్రీ కరెంటు, ఆడవాళ్లకు ఫ్రీ బస్సు, సబ్బు కొంటే డబ్బా ఫ్రీ. ఇక్కడ ఫ్రీ అంటే డబ్బు కట్టక్కర్లేదని. ‘రేపు ఫ్రీయేనా?’ అంటే పనేమీ లేదు కదా అని. ‘నడుం దగ్గర కాస్త ఫ్రీగా కుట్టమంటారా?’ అని దర్జీ అడిగితే వదులుగా అని. ‘మోషన్ ఫ్రీగా అవుతోందా?’ అని డాక్టరు అడిగితే ఇబ్బంది లేకుండా అని. ‘ఆ అబ్బాయి అందరితో ఫ్రీగా ఉంటాడు’ అంటే బిడియం లేదని. క్రికెట్‌లో ఫ్రీ హిట్ అంటే ఆ బంతికి బౌల్డయినా ఔట్ ఇవ్వరని. ఇన్ని అర్థాలున్నా ఎవరూ తికమకపడరు. సందర్భమే దారి చూపిస్తుంది.

ఇదే మాట మరో మాట వెనకాల చేరినప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి. షుగర్ ఫ్రీ బిస్కెట్లంటే చక్కెర ఊరికే ఇస్తున్నారని కాదు, అందులో చక్కెర లేదని. డ్యూటీ ఫ్రీ దుకాణంలో సుంకం ఉండదు. అంటే ఫ్రీకి ముందు ఏముందో అది లేదన్నమాట. ఇంగ్లిష్ వాళ్లకే ఈ మాటతో తిప్పలు తప్పలేదు. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అంటే ధర లేనిదని కాదు, వాడుకునేవాడి స్వేచ్ఛ అని నాలుగు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. హైదరాబాద్‌లో ఆ ఉద్యమాన్ని నడిపేవాళ్లు తమ సంస్థకు ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టుకుని ఆ గొడవ లేకుండా చేసుకున్నారు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల నోట నలిగే ‘ఫ్రీ వీసా’ దగ్గర మాత్రం ఈ మాటను ఎవరూ విప్పి చెప్పరు. దీన్నే ఆజాద్ వీసా అని కూడా అంటారు. పేరులో స్వేచ్ఛ ఉంది, చెవికి ఉచితమన్నట్టూ వినిపిస్తుంది. నిజానికి రెండూ కాదు. షుగర్ ఫ్రీలో లేనిది చక్కెర అయితే, ఫ్రీ వీసాలో లేనిది ఉద్యోగం.

సౌదీ తూర్పు తీరాన, దమ్మామ్‌కు ఉత్తరంగా ఖర్జూర తోటల మధ్య ఉన్న ఖతీఫ్‌నే తీసుకోండి. చేపల మార్కెట్‌కు పేరుపడ్డ ఊరు. ఇలాంటి చోట్ల ఇళ్ల మరమ్మతులు, రంగులు, ప్లంబింగ్, లోడింగ్ వంటి రోజువారీ పనులే ఫ్రీ వీసావాళ్లకు ఆధారం. పద్ధతి ఇది: కఫీల్, అంటే అక్కడి స్పాన్సర్, తన పేరు మీద వీసా తీస్తాడు, ఏజెంటు దాన్ని అమ్ముతాడు, మనవాడు అప్పు చేసి కొంటాడు. దిగాక అకామా (నివాస పర్మిట్) చేతిలో పెట్టి, ఎక్కడైనా పని చేసుకో, నాకివ్వాల్సింది నాకివ్వు అంటాడు కఫీల్. ఆ అకామా మీద వృత్తి తరచూ ‘సాయిక్ ఖాస్’ అని ఉంటుంది, అంటే ఇంటి డ్రైవర్. మనిషి చేతిలో ఉండేది స్టీరింగ్ కాదు, తాపీ.

ఇంటి డ్రైవరే ఎందుకంటే, లెక్క తేలిక. ప్రైవేటు కంపెనీ ఒక విదేశీ కార్మికుడి మీద ప్రభుత్వానికి కట్టే లెవీ సాధారణంగా నెలకు 700 నుంచి 800 రియాళ్లు. ఇంటి డ్రైవర్‌కు సాధారణంగా ఆ లెవీ ఉండదు. అకామా రుసుము ఏడాదికి 600 రియాళ్లతో సరి. పైగా 2021 మార్చి 14 నుంచి, ఏడాది పనిచేసిన కార్మికుడు యజమాని అనుమతి లేకుండానే వేరే కంపెనీకి మారొచ్చని సౌదీ తెచ్చిన సంస్కరణ ఇంటి డ్రైవర్లకు, ఇంటి పనివాళ్లకు, గొర్రెల కాపరులకు వర్తించలేదు. చవగ్గా తీసే వీసా కఫీల్‌కు లాభం, సులువుగా మారే దారి లేని వీసా మనవాడి నెత్తిన.

సౌదీ చట్టంలో ఫ్రీ వీసా అనేదే లేదు. 2005 కార్మిక చట్టం 39వ అధికరణ ప్రకారం యజమాని తన కార్మికుణ్ని వేరేవాళ్ల దగ్గర పనికి వదలకూడదు, కార్మికుడు సొంతంగా పని చేసుకోకూడదు. 40వ అధికరణ ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చు, అకామా, వర్క్ పర్మిట్, వాటి రెన్యువల్, ఆలస్యమైతే పడే జరిమానా, పని ముగిశాక ఇంటికి టికెట్, అన్నీ యజమానే భరించాలి. చట్టబద్ధమైన కంపెనీ ఉద్యోగంలో ఇవన్నీ కార్మికుడికి ఉచితం. ఫ్రీ వీసాలో ఇవన్నీ కార్మికుడి జేబులోంచే. తనిఖీలో దొరికితే జరిమానా, జైలు, దేశం నుంచి పంపివేత. కఫీల్‌కు కోపమొచ్చి పారిపోయాడని ‘హురూబ్’ రాయిస్తే ఆ రోజు నుంచి మనవాడు ‘ఖల్లివెల్లి’, అంటే కాగితాల్లేని మనిషి.

ఈ సంకెళ్లు ఖతీఫ్ తీరానికి కొత్త కాదు. ఊరిని ఆనుకుని ఉన్న తారూత్ దీవిలో దారీన్ అనే పాత రేవుంది. భారతదేశం నుంచి దిగే కస్తూరి వల్ల పాత అరబ్బీ కవిత్వంలో దానికి పేరొచ్చింది. ముత్యాల పడవలూ అక్కడి నుంచే బయలుదేరేవి. వేసవిలో దాదాపు నాలుగు నెలలు వేట. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, పైకి లాగడానికి తాడు, మెడలో బుట్ట. అదీ మునిగేవాడి సరంజామా. జీతం లేదు, వాటా మాత్రమే. సీజను ముందు ఇంటి ఖర్చుకు పడవ నడిపే నాఖుదా బయానా ఇచ్చేవాడు. సీజను అయ్యాక చలికాలం గడవడానికి మరికొంత. లెక్క నాఖుదా దగ్గరే. మునిగేవాడికి చదువు రాదు. బాకీ తీరలేదంటే తీరలేదు. వేరే పడవ ఎక్కాలంటే పాత నాఖుదా ఇచ్చే ‘బర్వా’ అనే చీటీ కావాలి. తండ్రి పోతే అప్పు కొడుకు మెడకు చుట్టుకునేది. కార్మికుణ్ని కఫీల్‌కు కట్టేసే ఇప్పటి కఫాలా వ్యవస్థకు మూలాలు ఆ పడవల్లోనే ఉన్నాయని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

ఖతీఫ్‌కు ఎదురుగా సముద్రంలో ఉన్న బహ్రెయిన్‌లో 1920లలో ఈ పద్ధతిని సంస్కరించారు. మునిగే ప్రతి మనిషికీ సొంత లెక్కల పుస్తకం ఉండాలన్నారు. ఇచ్చింది, పట్టుకున్నది అందులో రాయాలి. తండ్రి అప్పు కొడుకు మీద పడకూడదు. బయానా ఎంతో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. వినడానికి అంతా బాగుంది. కానీ 1932లో, మాంద్యం రోజుల్లో బయానాలు తగ్గించేసరికి తిరగబడింది ఆ మునిగేవాళ్లే. పొయ్యి వెలగనప్పుడు చేతికందే నాలుగు రూపాయలే కనబడతాయి, పుస్తకంలో అంకెలు కాదు. మాంద్యానికి తోడు జపాన్ కల్చర్డ్ ముత్యాలు ఆ వ్యాపారాన్ని ముంచేశాయి. 1938లో దమ్మామ్ 7వ నంబరు బావిలో చమురు పడ్డాక పడవల మీది మనుషులు చమురు కంపెనీలో పనికి కుదిరారు.

ఆ కథ నుంచి మనం నేర్చుకోవాల్సింది రెండు సంగతులు. ఒకటి, లెక్క కార్మికుడి చేతిలో, కాగితం మీద ఉంటే తప్ప అతడి స్వేచ్ఛకు విలువ లేదు. రెండు, అవసరంలో ఉన్నవాడికి లెక్క చూసుకునే ఓపిక ఉండదు, కాబట్టి ఆ పని ఇంట్లోవాళ్లు, ఊళ్లో చదువుకున్నవాళ్లు ముందే చేసిపెట్టాలి. ఒక తేడా మాత్రం మరవకూడదు. నాఖుదా తన డబ్బు ముందిచ్చి మనిషిని కట్టేసుకున్నాడు. ఫ్రీ వీసాలో మనవాడే ఎదురు డబ్బిచ్చి కట్టించుకుంటున్నాడు. కఫీల్ పెట్టుబడి పైసా లేదు. నష్టమొస్తే మునిగేది ఊళ్లో తాకట్టు పెట్టిన పొలం.

ఇక్కడి నిబంధనలూ తెలుసుకోండి. లైసెన్సున్న ఏజెంటు మన దేశంలో వసూలు చేయగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది రుసుము కాదు. లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థలే, అక్కడ అడగొచ్చు. డబ్బు కట్టే ముందు వీసా మీది వృత్తి గడిని అరబ్బీ వచ్చినవాళ్ల చేత చదివించండి. కఫీల్ ఎవరు, జీతమెంత, అకామా ఖర్చు ఎవరిది అన్నది రాతలో అడగండి. రసీదు, ఒప్పందం నకలు ఇంట్లో ఉంచి వెళ్లండి. యజమాని పేరూ చేయబోయే పనీ కాగితం మీద చూపించలేని వీసాకు, ఏజెంటు ఎంత తగ్గించి చెప్పినా, ఒక్క రూపాయి కూడా కట్టకండి.