ఎగువ వాన చూసే జలపాతం గేటు తెరవాలి

పాతబస్తీ యువకులారా, తల్లిదండ్రులారా!

బోనాల సందడి ముగిసిందో లేదో లాల్‌దర్వాజ, గౌలిపురా, ఉప్పుగూడ, అలియాబాద్ గల్లీల్లో ఒకటే ముచ్చట: "కుంటాల పోదామా, బొగత పోదామా?" దోస్తులంతా తలా ఇంత వేసుకుని బండి కిరాయికి మాట్లాడతారు. కుంటాలకైతే శనివారం రాత్రి బయలుదేరి తెల్లారేసరికి నిర్మల్ దాటేస్తారు. పోవద్దని చెప్పడానికి ఈ కరపత్రం వేయలేదు. పోయినవాళ్లంతా క్షేమంగా ఇల్లు చేరాలని వేశాం.

కుంటాల జలపాతం ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ మండలంలో ఉంది. కడెం నది అక్కడ 147 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. మెట్లు దిగి కిందికి చేరేసరికి తుంపర ముఖాన కొడుతుంది, నీళ్లలో దిగాలని ప్రాణం లాగుతుంది. కానీ పాచి పట్టిన బండ మీద కాలు నిలవదు. ఏళ్ల తరబడి పడిన ధార రాతిలో గుండాలు తొలిచింది. మోకాలి లోతు నీళ్లే కదా అని నిలబడ్డవాడు ఇంకో రెండడుగులు వేస్తే నేల అందదు. నురగ నిండా గాలే కాబట్టి అందులో మనిషి సరిగ్గా తేలడు. ధార కింద తిరిగే సుడి మనిషిని మళ్లీ ధార కిందికే లాక్కుపోతుంది. బావిలో నేర్చిన ఈత అక్కడ అక్కరకు రాదు. ఆ గుండాల్లో ఇప్పటికే ఎందరో తల్లులు కొడుకులను పోగొట్టుకున్నారు.

రెండో ప్రమాదం కంటికి కనిపించదు. కుంటాలలో ఎండ కాస్తుండగానే ఎగువన బజార్‌హత్నూర్ వైపు కుండపోత కురవొచ్చు. ఆ వరద ఎంతటిదంటే, 2022 జూలైలో దిగువనున్న కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. గేట్లు వదలగలిగింది 3 లక్షలే. 2023 జూలై 26న ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూడబోయిన దాదాపు 80 మంది తిరుగుదారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకున్నారు. జాతీయ విపత్తు దళం రాత్రికి రాత్రి వెళ్లి వాళ్లను బయటికి తెచ్చింది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగిన 24 మంది హైదరాబాద్ విద్యార్థులకు ఆ అదృష్టం లేకపోయింది. ఎగువన లార్జీ డ్యామ్ నీళ్లు వదిలారని వాళ్లకు తెలియదు.

ఈ సంగతి పాతబస్తీకి ఒకరు చెప్పాలా? 1908 సెప్టెంబర్ 28న మూసీ మన ఇళ్లను ముంచిందంటే, ఎగువన శంషాబాద్‌లో ఒక్క రోజులో 12 అంగుళాలకు పైగా వాన పడింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ తర్వాతే ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నేటికీ వాటి గేట్లు ఎత్తాలంటే ముందుగా మూసీ ఒడ్డు బస్తీలను హెచ్చరిస్తారు. ఇదే జాగ్రత్త జలపాతాల దగ్గర ఎందుకు ఉండకూడదు?

ప్రభుత్వాన్ని మేం అడిగేది ఇదీ:

1. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వర్షమాపక కేంద్రాలున్నాయి. ఎగువ మండలాల్లో వాన హద్దు దాటగానే జలపాతం గేటు మూసి, సైరన్ మోగించి, జనాన్ని పైకి పంపాలి.

2. గేటు తెరిచిందీ మూసిందీ నేరడిగొండ అడ్డరోడ్డు దగ్గర ఎర్రజెండా, పచ్చజెండాతో తెలపాలి. ముందురోజు సాయంత్రమే టీవీలో, ఫోన్లలో చెప్పాలి.

3. వాగు పోకడ తెలిసిన స్థానిక గోండు, కోయ యువకులను టికెట్ డబ్బుతో జీతమిచ్చి కాపలా పెట్టాలి. తాళ్లు, లైఫ్ జాకెట్లు వాళ్ల చేతికివ్వాలి.

4. గుండాల చుట్టూ గొలుసులు కట్టి, తెలుగు, ఉర్దూ, హిందీల్లో హెచ్చరిక బోర్డులు పెట్టాలి.

మనం చేయాల్సిందీ ఉంది. మందు తాగి నీళ్ల దగ్గరికి పోవద్దు. సెల్ఫీ కోసం గొలుసు దాటొద్దు. నీళ్లు ఎర్రబడినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ఉన్నపళంగా గట్టెక్కండి. ఒకడు జారితే వెనకాలే ఇంకొకడు దూకొద్దు. తాడో, చున్నీయో విసిరి 112కు ఫోన్ చేయండి. బండి ఓనర్లూ, గేటు మూసి ఉందని తెలిస్తే కిరాయికి ఒప్పుకోకండి. తల్లులారా, ఎక్కడికి పోతున్నారో, ఎప్పుడొస్తారో చెప్పందే పిల్లలను గడప దాటనీయకండి.

ఈ నాలుగు కోరికలతో వినతిపత్రం రాశాం. అటవీ, పర్యాటక శాఖలకు అందజేస్తాం. మీ గల్లీకి వచ్చినప్పుడు సంతకం పెట్టండి. చదివాక ఈ కాగితం పక్కింటికి ఇవ్వండి. ఈ ఆదివారం మీరు పోయేసరికి గేటు మూసి ఉంటే గొడవ పడకుండా వెనక్కి రండి.

ఇట్లు,
పాతబస్తీ యువకులు, తల్లిదండ్రులు