పలికే సంఖ్య ముందు మౌనం తగదు

 

ఇటీవల ఒక యువకుడు వారసత్వపు లెక్కతో మా వద్దకు వచ్చాడు. మరణించిన అతని తండ్రికి భార్య, తల్లి, తండ్రి, ఒక కుమారుడు, ఒక కుమార్తె ఉన్నారు. "హజ్రత్! లెక్క సమంగా తెగడం లేదు. చెల్లెలికి సుమారుగా ఏదో ఒకటి ఇస్తే సరిపోదా?" అని అడిగాడు.

సరిపోదని చెప్పి, కాగితం తీసుకున్నాము.

రెండు పూర్ణాంకాల నిష్పత్తిగా చెప్పగలిగినది అకరణీయ సంఖ్య. అలా చెప్పలేనిది కరణీయ సంఖ్య. అరబ్బీ గణితజ్ఞులు మొదటిదానిని 'మున్‌తిఖ్', అంటే పలికేది అన్నారు. రెండవదానిని 'అసమ్మ్', అంటే చెవిటిది అన్నారు. భుజం 1గా గల చతురస్రపు కర్ణం √2. దానిని 1.414 అంటాము గాని, 1.414ను అంతటితోనే హెచ్చవేస్తే వచ్చేది 1.999396 మాత్రమే. √2ను పూర్తిగా కుదించిన భిన్నంగా వ్రాయబోతే లవమూ హారమూ రెండూ సరిసంఖ్యలే కావలసివస్తుంది. అప్పుడది కుదించిన భిన్నమే కాదు. కనుక అక్కడ 'సుమారు' అనక తప్పదు.

అయితే సూరె నిసాలో నిర్ణయించబడిన వాటాలు 1/2, 1/4, 1/8, 2/3, 1/3, 1/6. అన్నీ పలికే సంఖ్యలే. 1తోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగించబడని, 1 కంటే పెద్ద సంఖ్య ప్రధాన సంఖ్య. ఈ వాటాల హారాలన్నీ 2, 3 అనే రెండు ప్రధాన సంఖ్యల నుండి పుట్టినవే.

అప్పులు, వసీయత్ తీర్చిన తరువాత మిగిలిన ఆస్తిని 24 భాగాలు చేశాము. భార్యకు 1/8 చొప్పున 3, తల్లికి, తండ్రికి 1/6 చొప్పున చెరి 4, మిగిలినవి 13. కుమారునికి రెండు, కుమార్తెకు ఒకటి చొప్పున వీటిని మూడుగా పంచాలి. కాని 13 ప్రధాన సంఖ్య, 3తో తెగదు. యువకుడు ఆగిపోయినది ఇక్కడే. ఫరాయిజ్ విద్య ఇక్కడ ఆగదు. 24ను 3తో హెచ్చవేసి 72 చేస్తుంది. అప్పుడు భార్యకు 9, తల్లికి 12, తండ్రికి 12, కుమారునికి 26, కుమార్తెకు 13. మొత్తం సరిగ్గా 72.

9వ శతాబ్దంలో బగ్దాద్‌కు చెందిన అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగాన్ని వసీయత్, వారసత్వపు లెక్కలకే కేటాయించాడు. గణితం మన విద్య కాదనేవారు ఈ సంగతి గమనించాలి.

ఆ యువకుడు 72లో 13 అని వ్రాసుకొని, కాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. సుమారు అన్న మాట చతురస్రపు కర్ణానికి చెల్లుతుంది. చెల్లెలి హక్కుకు చెల్లదు.